కథ రాసి పెట్టుకున్నాం, ఎవరికి పంపాలి?

మాకు తరచుగా వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి. "చిన్నప్పటి సంగతులు కథలుగా రాసి పెట్టుకున్నాను. లిటరరీ ఏజెంటు దొరికితే అచ్చవుతుందని మా అబ్బాయి అంటున్నాడు. ఆ ఏజెంటు ఎక్కడుంటాడు, ఎలా పంపాలి?" అడిగేవారిలో మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లున్నారు, కాలేజీలో చదువుకుంటున్న ఆడపిల్లలున్నారు, ఊరు వదిలి చెన్నైలో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లున్నారు. విడివిడిగా జవాబులిచ్చే బదులు అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాస్తున్నాం.

ముందు చిన్న జవాబు. మీరు తెలుగులో రాస్తే ఏజెంటు అక్కర్లేదు. తెలుగు ప్రచురణలో ఆ వృత్తి నిలదొక్కుకోలేదు కూడా. తమిళంలో రాసినా చాలావరకు అంతే. ఇంగ్లీషులో రాస్తే మాత్రం ఏజెంటు ఉపయోగపడతాడు. కాబట్టి ఏజెంటు కోసం వెతికే ముందు తేల్చుకోవలసింది, మీ రచన ఏ భాషలో, ఏ లిపిలో ఉండాలన్నది. అది తేలితే ఏ తలుపు తట్టాలో దానంతటదే తెలుస్తుంది.

ఏజెంటు ఏం చేస్తాడు?

రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య నిలబడేవాడు ఏజెంటు. రాతప్రతి చదివి, నచ్చితే బాగుచేయిస్తాడు. ఏ సంస్థలో ఏ ఎడిటరుకు ఎలాంటి పుస్తకాలు నచ్చుతాయో తెలుసుకుని వారికి పంపుతాడు. రేటు మాట్లాడతాడు, ఒప్పందంలోని షరతులు చూస్తాడు, అనువాద హక్కులూ సినిమా హక్కులూ విడిగా అమ్మిపెడతాడు. దానికి బదులుగా రచయితకు వచ్చే డబ్బులో వాటా తీసుకుంటాడు. మామూలుగా అది 15 శాతం, విదేశీ హక్కుల మీద 20 శాతం దాకా. ఈ వృత్తికి ఆద్యుడిగా లండన్‌కు చెందిన ఎ.పి. వాట్‌ను చెబుతారు. 1875 ప్రాంతంలో ఆయన మొదలుపెట్టాడు.

మన దేశంలో జయప్రియ వాసుదేవన్ 1997లో బెంగళూరులో జకరాండా ఏజెన్సీని ప్రారంభించారు. జైపూరులో మీతా కపూర్ నడిపే సియాహీ, 2020లో హేమాలీ సోధీ పెట్టిన ఎ సూటబుల్ ఏజెన్సీ లాంటివి తరువాత వచ్చాయి. ఇవన్నీ ముఖ్యంగా ఇంగ్లీషు పుస్తకాలతోనూ, ఇంగ్లీషులోకి వచ్చిన అనువాదాలతోనూ పనిచేస్తాయి.

తెలుగులో ఈ వృత్తి ఎందుకు లేదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 200 రూపాయల పుస్తకం 500 ప్రతులు అమ్ముడయ్యాయనుకోండి. పది శాతం రాయల్టీ అంటే రచయితకు వచ్చేది 10,000 రూపాయలు. అందులో 15 శాతం అంటే ఏజెంటుకు దక్కేది 1,500. ఆరు నెలలు తిరిగి, పది ఉత్తరాలు రాసి, 1,500 సంపాదించడానికి ఎవరు ముందుకొస్తారు? అందుకే తెలుగులో రచయిత నేరుగా పత్రికకూ, ప్రచురణకర్తకూ రాస్తాడు. అది లోటు కాదు, అక్కడి పద్ధతే అంత.

మూడు భాషలు, మూడు దారులు

మన ఊళ్లో ఇది ఇంకాస్త చిక్కు వ్యవహారం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది తమిళం, ఉద్యోగానికి ఇంగ్లీషు. ఏ భాషలో రాసినా తప్పు లేదు. మనవాళ్లు ఈ దారులన్నీ నడిచినవాళ్లే.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. ఆయన రాసింది తమిళంలో, అదీ కరిసల్ నేల మనుషులు మాట్లాడే తమిళంలో. తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చి ఊరు కట్టుకున్న కథను 'గోపల్ల గ్రామం'లో చెప్పారు. దాని తరువాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. మన పూర్వీకుల కథను తమిళ పాఠకులందరి దగ్గరికీ చేర్చింది ఆ పుస్తకాలే.

మన రాజపాళయం మనిషి ము.కు. జగన్నాథ రాజా రెండు భాషల మధ్య వంతెన కట్టారు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది మనకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి మీద, తెలుగులో. ఆ కావ్యాన్ని జగన్నాథ రాజా తమిళంలోకి తెచ్చారు. దానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం అందుకున్నారు. రెండు భాషలూ ఇంట్లోనే వచ్చినవాడికి అనువాదం కూడా రచనే అని చూపించిన జీవితం ఆయనది.

మూడో దారి స.వెం. రమేశ్‌ది. పులికాట్ సరస్సు చుట్టుపక్కల తెలుగువాళ్ల మాటను ఉన్నది ఉన్నట్టుగా తెలుగు లిపిలో 'ప్రళయకావేరి కథలు'గా రాశారు. సరిహద్దు దగ్గరి తెలుగు కూడా పుస్తకానికి తగిన తెలుగేనని ఆ కథలు రుజువు చేశాయి. "మాది మంచి తెలుగు కాదండీ, ఆంధ్రావాళ్లు నవ్వుతారేమో" అని వెనకాడే మనవాళ్లు ముందు ఈ పుస్తకం చదవాలని మా కోరిక.

తమిళ లిపిలో ఉన్న తెలుగు నోటుబుక్కు

మా దగ్గరికి వచ్చే రాతల్లో కొన్ని మరో రకంగా ఉంటాయి. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. తెలుగు చదవడం, రాయడం నేర్చుకునే అవకాశం దొరకని పెద్దవాళ్లు ఇలా రాసుకున్నారు. పాటలు, సామెతలు, పెళ్లి తంతులు, వంశం కథలు అన్నీ అందులోనే ఉంటాయి.

ఏ పత్రికకైనా పంపాలంటే ముందు వీటిని తెలుగు లిపిలోకి మార్చాలి. ఇక్కడే అసలు ఇబ్బంది. తమిళ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం, 'ప'కూ 'బ'కూ ఒకటే, 'ట'కూ 'డ'కూ ఒకటే. కాబట్టి 'గంప' అని రాసినా 'కంప' అని రాసినా కాగితం మీద ఒకేలా కనిపిస్తుంది. 'పాట', 'బాట', 'పాడ' మూడూ ఒకటే. వాక్యం తెలిసిన మాటలతో ఉంటే సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు. మన ఇళ్లలో మాత్రమే మిగిలిన పాత మాట అయితే ఏ నిఘంటువూ చెప్పదు. రాసిన మనిషే చదివి వినిపించాలి.

అందుకే మేము అందరికీ చెప్పేది ఒకటే. ఏజెంటూ ప్రచురణకర్తా తరువాత. ఆ నోటుబుక్కు రాసిన అవ్వ, తాత ఉండగానే పక్కన కూర్చుని వాళ్ల గొంతుతో చదివించి ఫోనులో రికార్డు చేసుకోండి. తరువాత ఎవరైనా తెలుగు లిపిలోకి ఎత్తి రాయగలరు. ఆ మనిషి పోయాక నోటుబుక్కు మిగిలినా సగం మాటలు మిగలవు.

తెలుగు పత్రికకు పంపే పద్ధతి

మొదటి పుస్తకం కంటే ముందు మొదటి కథ అచ్చు కావడం మంచిది. తెలుగులో రచయితలు ఎక్కువమంది అలాగే వచ్చారు. స్వాతి లాంటి అచ్చు పత్రికలున్నాయి, 1998 నుంచి వస్తున్న ఈమాట, ఇంకా సారంగ, సంచిక లాంటి అంతర్జాల పత్రికలున్నాయి. పత్రికల్లో వచ్చిన మంచి కథలను ఏరి 1990 నుంచి కథాసాహితి ఏటా 'కథ' సంకలనం వేస్తోంది. అచ్చయిన తెలుగు కథలను భద్రపరచడానికి కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. పత్రికలో వచ్చిన కథ ఇలా ఎక్కడో ఒకచోట నిలుస్తుంది.

పంపేటప్పుడు గుర్తుంచుకోవలసినవి ఇవి:

కథను యూనికోడ్‌లో టైపు చేయండి. ఊళ్లో డీటీపీ చేయించుకుంటే అది అను ఫాంట్లలో ఉందో, యూనికోడ్‌లో ఉందో అడిగి తెలుసుకోండి. ఫాంటు తేడా వస్తే అవతలివాళ్లకు గజిబిజి అక్షరాలు కనిపిస్తాయి. చేతిరాత ప్రతిని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే చదివే ఓపిక ఎడిటర్లకు ఉండదు.

పత్రిక ఈమధ్య వేసిన కథలు నాలుగైనా చదివి, ఎన్ని పదాల కథలు తీసుకుంటున్నారో చూడండి. పేజీ పరిమితి దాటిన కథ ఎంత బాగున్నా వెనక్కి వస్తుంది.

హామీపత్రం తప్పనిసరి. ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, ఇంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి, పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను కూడా చాలా పత్రికలు ప్రచురితమైనదిగానే లెక్కేస్తాయి.

ఒక కథను ఒకసారి ఒక పత్రికకే పంపాలి. జవాబు రాకపోతే రెండు మూడు నెలలు ఆగి, ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం రాసి, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి మరో పత్రికకు పంపవచ్చు.

నవల రాసినవాళ్లకు పోటీలు మంచి అవకాశం. అమెరికాలోని తానా, ఆటా సంస్థలు తెలుగు నవలల పోటీలు నిర్వహించాయి. పోటీ ప్రకటన వచ్చినప్పుడు గడువు తేదీతో పాటు నియమాలన్నీ చదవండి. కొన్ని పోటీల్లో రాతప్రతి మీద రచయిత పేరు కనిపించకూడదు, పేరు విడి కాగితం మీద ఇవ్వాలి.

పుస్తకం వేయాలంటే

కథలు పదిహేను దాకా జమయ్యాక పుస్తకం ఆలోచన వస్తుంది. ఎమెస్కో, విశాలాంధ్ర, 1980 నుంచి నడుస్తున్న హైదరాబాద్ బుక్ ట్రస్ట్, కొత్తవాటిలో అన్వీక్షికి, ఛాయ లాంటి సంస్థలకు నేరుగా రాయవచ్చు. ఒక్కో సంస్థ అభిరుచి ఒక్కోలా ఉంటుంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో, సంక్రాంతి రోజుల్లో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శనకో వెళ్లి, ఎవరు ఏ పుస్తకాలు వేస్తున్నారో చేత్తో తిరగేసి చూస్తే, ఇంట్లో కూర్చుని వెతికినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. తమిళంలో రాసినవాళ్లకు నాగర్‌కోయిల్‌లో కాలచ్చువడు, చెన్నైలో కిళక్కు లాంటి ప్రచురణ సంస్థలున్నాయి.

ఒక నిజం దాచకూడదు. తెలుగులో ఎన్నో పుస్తకాలు రచయిత సొంత ఖర్చుతోనే వస్తాయి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అయితే ఎవరు ఖర్చు పెడుతున్నారో, ప్రతులు ఎవరివో, అమ్మితే డబ్బు ఎవరికి వస్తుందో ముందే స్పష్టంగా తేల్చుకోవాలి. సొంతంగా వేసుకునేవారు ఐఎస్‌బీఎన్ నంబరు కోసం ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. పుస్తకం వచ్చాక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికీ, మరికొన్ని నిర్ణీత గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి. మనలాంటివాళ్లకు ఇది భారం కాదు, భద్రత. మన ఇళ్లలో ప్రతులు చెదలు పట్టినా అక్కడ ఒకటి ఉంటుంది.

ఇంగ్లీషులో ఏజెంటుకు పంపే పద్ధతి

పెద్ద నగరాల్లో, విదేశాల్లో పెరిగిన మన పిల్లలు ఇంగ్లీషులో రాస్తున్నారు. వాళ్లకు ఏజెంటు దారి పనికొస్తుంది. నవల అయితే మొత్తం పూర్తి చేశాకే పంపాలి. చరిత్ర, జీవితచరిత్ర లాంటివి అయితే పూర్తి కాకపోయినా ప్రతిపాదన, అధ్యాయాల జాబితా, రెండు మూడు నమూనా అధ్యాయాలు చాలు.

పంపేది మూడు ముక్కలు. ఒకటి, ఒక పేజీ దాటని పరిచయ లేఖ. కథ దేని గురించి, ఎన్ని పదాలు, ఎలాంటి పాఠకులకు, మీరెవరు, ఈ ఏజెంటునే ఎందుకు ఎంచుకున్నారు అన్నది అందులో ఉండాలి. రెండు, కథాసారాంశం. ఇందులో ముగింపు దాచకూడదు. "మిగతాది పుస్తకంలో చదవండి" అంటే పక్కన పడేస్తారు. మూడు, మొదటి మూడు అధ్యాయాలు లేదా వాళ్లు అడిగినన్ని పేజీలు. మధ్యలో బాగున్న అధ్యాయం ఏరి పంపకూడదు. పాఠకుడు మొదటి పేజీ నుంచే చదువుతాడు, ఏజెంటూ అంతే.

ఇక్కడ తెలుగు పత్రికల పద్ధతికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి ఒకటుంది. ఏజెంట్లకు ఒకేసారి ఐదారుగురికి పంపవచ్చు. అది మామూలే. కాకపోతే ఎవరైనా ఒప్పుకుంటే మిగతావాళ్లకు వెంటనే తెలియజేయాలి. ఈ రెండు పద్ధతులనూ కలగలిపితే రెండు చోట్లా మాట పోతుంది.

మన నేపథ్యాన్ని లేఖలో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. నాలుగైదు వందల ఏళ్ల కిందట దక్షిణానికి వచ్చి, చుట్టూ తమిళం మాట్లాడుతున్నా ఇంట్లో తెలుగు నిలుపుకున్న ఊరు అన్నది బయటివాళ్లకు కొత్త సంగతి. కానీ ఆ ఒక్క సంగతే పుస్తకాన్ని నడిపించదు. కథలో మనిషి ఉండాలి.

డబ్బు ఎటు ప్రవహించాలి?

ఏ భాష అయినా ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: డబ్బు రచయిత వైపు రావాలి. ఏజెంటు తన వాటా పుస్తకం అమ్ముడయ్యాకే తీసుకుంటాడు. "చదవడానికి ఫీజు", "రిజిస్ట్రేషన్ ఫీజు", "అంతర్జాతీయ ప్రచారానికి ప్యాకేజీ" అని ముందే అడిగేవాడు ఏజెంటు కాడు. మాలో ఒకరికి ఇలాంటి ఫోను వచ్చింది. రాతప్రతి పంపిన రెండు రోజులకే అద్భుతంగా ఉందన్నారు, అవార్డుకు పంపుతామన్నారు, చివరికి పెద్ద మొత్తం అడిగారు. మూడో అధ్యాయంలో ఏం జరిగిందో చెప్పమంటే జవాబు లేదు. మీకూ అలాంటి ఫోను వస్తే ఆ ప్రశ్నే అడగండి.

సంతకం పెట్టే ముందు 1957 నాటి కాపీరైట్ చట్టంలోని కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. రచన మీద హక్కు రాసిన క్షణం నుంచే మీది, రిజిస్టరు చేయించకపోయినా మీదే. మీ జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు మీ వారసులకు ఉంటుంది. హక్కును వేరొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం లెక్కేస్తుంది. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, అది రద్దవుతుంది.

కాబట్టి ఒప్పందంలో "అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, శాశ్వతంగా" అన్న మాటలు కనిపిస్తే ఆగండి. మనలాంటి రెండు భాషల ఇళ్లకు అనువాద హక్కు చాలా విలువైనది. తెలుగు పుస్తకానికి తమిళ హక్కు కూడా ఇచ్చేస్తే, రేపు మీ మనవరాలు దాన్ని తమిళంలోకి తేవాలన్నా అవతలివాళ్ల అనుమతి అడగాలి. ఊళ్లో లాయరుకో, లెక్కలు తెలిసిన బంధువుకో ఒకసారి చూపించి సంతకం పెట్టండి.

తిరిగి వచ్చినా

తిరస్కారం అందరికీ వస్తుంది. ఆర్.కె. నారాయణ్ మొదటి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఇంగ్లండ్‌లో ఒకదాని తరువాత ఒక చోట తిరస్కరించారు. విసిగిపోయి, ఆ రాతప్రతికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడేయమని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడు పూర్ణకు రాశారు. పూర్ణ ఆ పని చేయకుండా దాన్ని గ్రాహం గ్రీన్‌కు చూపించాడు. గ్రీన్ సిఫారసుతో హామిష్ హామిల్టన్ సంస్థ 1935లో అచ్చువేసింది. ఆ పుస్తకాన్ని కాపాడింది ఏజెంటు కాదు, చదివి నమ్మిన స్నేహితుడు.

మన ఊళ్లోనూ కావలసింది అలాంటి మొదటి పాఠకులే. పి.ఎస్. కుమారస్వామి రాజా తన ఇంటినే ఇచ్చిన గాంధీ కళామండ్రం ఉన్న ఊరు మనది. నెలకోసారి నలుగురు ఎవరింట్లోనైనా కూర్చుని ఒకరి కథ ఒకరు చదివి వినిపించుకోవడానికి ఖర్చేమీ లేదు. వింటున్నవాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఫోను తీశారో చూస్తే, ఏ ఎడిటరూ చెప్పలేని సంగతులు తెలుస్తాయి.

చదవడానికి ఎవరూ దొరకని వారు మాకు పంపండి. మేము ప్రచురణకర్తలం కాదు, ఏజెంట్లమూ కాదు. చదివి, అనిపించింది చెప్తాం. తమిళ లిపిలో ఉన్న తెలుగు నోటుబుక్కు అయితే దానితో పాటు రాసినవారి గొంతు రికార్డింగు కూడా జతచేయండి. ఎత్తి రాయడానికి మావంతు సాయం చేస్తాం.